‘బైయూ’ తెలియకపోతే ఇంగ్లిష్ రానట్టేనా?

ప్రశ్న: ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. పొద్దున్నే ఫోన్‌లో వర్డిల్ ఆడటం నాకు అలవాటు. రోజుకొక ఐదక్షరాల ఇంగ్లిష్ మాటను ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టే ఆట అది. అక్షరం సరైన చోట ఉంటే ఆకుపచ్చ రంగు, మాటలో ఉండి చోటు తప్పితే పసుపు, మాటలో లేకపోతే బూడిద రంగు వస్తుంది. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కూతురూ నేనూ రోజూ ఎవరి ఫలితం వాళ్లు పంపుకుంటాం. వరసగా 214 రోజులు గెలిచాను. ఆ మర్నాడు చివరి నాలుగు అక్షరాలు ఎ, వై, ఓ, యు ఆకుపచ్చగా వచ్చేశాయి. మొదటి అక్షరం ఎంతకీ తట్టలేదు. ఇంకా రెండు ప్రయత్నాలు మిగిలి ఉండగానే వదిలేశాను. తీరా చూస్తే జవాబు ‘బైయూ’. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. మా మేనకోడలేమో ‘అదేంటత్తా, ఈజీ కదా’ అంది. క్రాస్‌వర్డ్‌లో, మాటల్ని గుంపులు చేసే కనెక్షన్స్‌లో కూడా ఇలాంటి మాటలే అడ్డం పడుతున్నాయి. నా ఇంగ్లిష్ ఇంతేనా అనిపిస్తోంది. ఈ పజిల్స్ మనలాంటివాళ్ల కోసం కావేమో, మానేయమంటారా? మాట తెలియనప్పుడు డిక్షనరీ చూస్తే మోసం చేసినట్టవుతుందా?
– ఒక పాఠకురాలు

సమాధానం:

టీచర్ గారికి నమస్కారం.

మీరు చివర్లో రెండు ప్రశ్నలు అడిగారు కానీ, మిమ్మల్ని నిజంగా బాధపెడుతున్నది వాటికి ముందున్న మాట అని నాకనిపించింది. ‘నా ఇంగ్లిష్ ఇంతేనా’ అన్నారు. ముందు దానికే జవాబు చెబుతాను. ఆ రోజు మీకు తెలియనిది ఇంగ్లిష్ కాదు, లూసియానా.

అమెరికా దక్షిణాన మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోట నేల బాగా పల్లం. అక్కడి పాయల్లో నీళ్లు పారుతున్నాయా, నిలిచి ఉన్నాయా అన్నది కూడా తెలియదు. చుట్టూ బురద నేల, నీళ్లలోనే పెరిగే చెట్లు, మొసళ్లు. అలాంటి పాయను అక్కడివాళ్లు బైయూ అంటారు. ఇది ఇంగ్లిష్‌లో పుట్టిన మాట కాదు. అక్కడి మూలవాసులైన చోక్టా జాతివాళ్లు చిన్న ఏటిని ‘బయుక్’ అనేవాళ్లు. లూసియానాలో స్థిరపడిన ఫ్రెంచివాళ్లు ఆ మాట అందుకున్నారు, వాళ్ల దగ్గరి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అందుకే దాని స్పెల్లింగ్ మీరు ముప్పై ఏళ్లు పిల్లలకు నేర్పిన ఏ పద్ధతికీ లొంగదు. ఆ చిత్తడి నేల సంగతి మన పాఠ్యపుస్తకాల్లో లేదు. లేనిది మీకు రాకపోతే అది మీ లోపం ఎలా అవుతుంది?

అసలు ‘అందరికీ తెలిసిన మాట’ అని ఎవరు తేలుస్తారు? వర్డిల్ సంగతే చూడండి. దాన్ని తయారుచేసిన జాష్ వార్డిల్ పుట్టింది వేల్స్‌లో. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉంటూ, తన సహచరి పలక్ షాకు పదాల ఆటలంటే ఇష్టమని ఆమె కోసం ఈ ఆట రాశాడు. ఇంగ్లిష్‌లో ఐదక్షరాల మాటలు సుమారు 12 వేలు లెక్కకు వచ్చాయి. వాటిని ఆమె ఒక్కొక్కటీ చూసి, తనకు తెలిసినవీ తెలియనివీ వేరుచేసి, జవాబులకు పనికొచ్చేవి సుమారు 2,500 అని తేల్చింది. 2021 అక్టోబర్‌లో లోకమంతా ఆడటం మొదలుపెట్టినది ఆ జాబితాతోనే. ఒక ఊళ్లో కూర్చున్న ఒక మనిషికి పరిచయమైన మాటలు అవి. ఆమె ఆ పని చాలా శ్రద్ధగా చేసింది, ఆట అంత బాగుండటానికి అదే కారణం. కానీ ఆ జాబితా మీ ఇంగ్లిష్‌కు కొలబద్ద మాత్రం కాదు. 2022 జనవరి చివర న్యూయార్క్ టైమ్స్ ఈ ఆటను కొన్నాక జాబితాను వాళ్ల ఎడిటర్లు చూస్తున్నారు. వాళ్లు కూర్చునేదీ అమెరికాలోనే.

ఇది మీ ఒక్కరి అనుభవం కాదు. 2022 మే 5న వర్డిల్ జవాబు ‘హోమర్’. ఆ రోజు నేనూ ఆడాను. హెచ్, ఓ, ఎం కుదిరాయి. హోమర్ అనగానే గ్రీకు కవి గుర్తొచ్చాడు, మనుషుల పేర్లు జవాబుగా రావు కదా అని ఆ మాటను పక్కన పెట్టేసి ఓడిపోయాను. బేస్‌బాల్‌లో బంతిని కంచె దాటించి, బ్యాటర్ నాలుగు బేస్‌లూ చుట్టి వచ్చే హోమ్ రన్‌ను అమెరికాలో ముద్దుగా హోమర్ అంటారట. మన క్రికెట్‌లో సిక్సర్ లాంటిది. ఆ ఒక్కరోజే కేంబ్రిడ్జ్ డిక్షనరీ వెబ్‌సైట్‌లో ఈ మాటను 65 వేలకు పైగా సార్లు వెతికారు. వెతికినవాళ్లలో నూటికి తొంభై ఐదుగురు ఉత్తర అమెరికా బయటివాళ్లే. ఏడాది చివరికి కేంబ్రిడ్జ్ వాళ్లు 2022 సంవత్సరపు మాటగా దాన్నే ప్రకటించారు. అంటే ఇంగ్లిష్ పుట్టిన గడ్డ మీద పుట్టి పెరిగినవాళ్లు కూడా ఆ రోజు మీలాగే తెల్లమొహం వేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ‘బ్లోక్’ జవాబుగా వచ్చింది. మగవాణ్ణి మామూలుగా పిలిచే బ్రిటిష్ మాట అది. అప్పుడు గొడవ పెట్టినవాళ్లు అమెరికన్లు.

ఇప్పుడు మీలాంటి టీచర్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి చెప్పాలి. తెలియని మాట కంటే తెలిసిన మాటే ఒక్కోసారి ఎక్కువ దెబ్బతీస్తుంది. 2022 జనవరిలో ‘ఫేవర్’, ఫిబ్రవరిలో ‘హ్యూమర్’ జవాబులుగా వచ్చాయి. రెండూ మీకు నిద్రలో లేపి అడిగినా తెలిసిన మాటలే. కానీ మీరు నేర్చుకున్నది, నేర్పినది బ్రిటిష్ స్పెల్లింగ్. అందులో ఓ తర్వాత యు ఉంటుంది, అక్షరాలు ఆరు. మీ మనసు ఆ మాటల్ని ఆరక్షరాల అరలో దాచుకుంది. ఐదు గడులు చూడగానే ఐదక్షరాల అరలోనే వెతుకుతుంది, కాబట్టి అవి అసలు కంటికి ఆనవు. చివర ఓ, ఆర్ ఉన్నట్టు తేలిన రోజున కాగితం మీద ఇవి రాసుకోండి: కలర్, ఆనర్, లేబర్, రూమర్, వేపర్, వేలర్, విగర్, సేవర్, ఆర్మర్, ట్యూమర్. అన్నీ యు తీసేసిన ఐదక్షరాల మాటలు. ఒకటి రెండు వారాలు ఇలా రాస్తే చేతికి అలవాటవుతుంది.

ఈ యు పోవడం వెనక పెద్ద కథ ఉంది. మీకు నచ్చుతుందని చెబుతున్నాను. లాటిన్‌లో ఈ మాటల్లో చాలావాటికి యు లేదు. ఫ్రెంచ్ మీదుగా వచ్చినప్పుడు అది చేరింది. ఇంగ్లండ్‌లోనే చాలాకాలం రెండు రకాలుగానూ రాసేవాళ్లు. 1755లో వచ్చిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు యు ఉన్న రూపాన్ని నిలబెట్టింది. అమెరికాలో నోవా వెబ్‌స్టర్, ఆయన కూడా బడిపంతులుగా పనిచేసినవాడే, కొత్త దేశానికి తనదైన స్పెల్లింగ్ ఉండాలని పట్టుబట్టి 1806 నాటి చిన్న నిఘంటువులోనూ, 1828 నాటి పెద్ద నిఘంటువులోనూ యు తీసేశాడు. సెంటర్, మీటర్, ఫైబర్ లాంటి మాటల చివర ఆర్, ఇ తారుమారు కావడం కూడా ఆయన పట్టు ఫలితమే. అయితే ఆయన చెప్పినవన్నీ జనం ఒప్పుకోలేదు. టంగ్ అనే మాటను వినిపించినట్టే నాలుగక్షరాలతో రాయాలన్నాడు, ఎవరూ వినలేదు. ఏ స్పెల్లింగూ ఆకాశం నుంచి ఊడిపడలేదు, మనుషులే కూర్చుని నిర్ణయించారు. మీరు క్లాసులో తప్పని కొట్టేసిన ‘కలర్’ ఇంకో దేశంలో ఒప్పు. ఫైబర్ విషయంలో ఇంకో విశేషం ఉంది. మొదటి జాబితాలో ఆ మాట రెండు స్పెల్లింగుల్లోనూ ఉండేది. న్యూయార్క్ టైమ్స్ చేతికి వచ్చాక బ్రిటిష్ రూపాన్ని జవాబుల్లోంచి తీసేశారు. కాబట్టి చివర అక్షరాలు ఆర్, ఇ రెండూ పసుపు రంగులో కనిపిస్తే, మాట సరైనదే, స్పెల్లింగే అట్లాంటిక్‌కు అవతలిది అని అనుమానించండి.

మీ 215వ రోజుకు వస్తాను. ఆ రోజు మీరు ఓడిపోనవసరం లేదు. చివరి నాలుగు అక్షరాలు ఖాయంగా తెలుసు. ఇంకా రెండు ప్రయత్నాలున్నాయి. వర్డిల్‌లో ఒక నియమం చాలామంది గమనించరు: జాబితాలో లేని మాట టైప్ చేస్తే ఆట దాన్ని తిరస్కరిస్తుంది, కానీ ప్రయత్నం ఖర్చు కాదు. కాబట్టి అప్పటికి బూడిద రంగులోకి వెళ్లని అక్షరాల్ని ఒక్కొక్కటే ముందు పెట్టి చూడండి. బి పెట్టగానే ఆట ఒప్పుకునేది. ఇది దొడ్డిదారి అని మీకనిపిస్తుందేమో. నాకలా అనిపించదు. ఆట తన నియమంలోనే ఇచ్చిన వెసులుబాటు అది. పైగా అలా ఒక్కో అక్షరం పెట్టి ఇలాంటి మాట ఉంటుందా అని పైకి చదివి చూడటం కూడా భాషతో చేసే పనే. అన్నిటికన్నా నాకు బాధ కలిగించిన విషయం, మీరు ప్రయత్నాలు మిగిలి ఉండగా వదిలేయడం. నాకు తెలియని మాట ఉండదన్న నమ్మకం టీచర్లకు ఉంటుంది, అది మంచి నమ్మకమే, కానీ ఆ రోజు మిమ్మల్ని ఆపింది అదే. మీకు తెలియని మాట జవాబు కావచ్చు అని ఒప్పుకుంటే చేయి ముందుకు కదులుతుంది.

క్రాస్‌వర్డ్ కథ వేరు. అక్కడ అమెరికన్ మాటలు ఎందుకు అంతగా కనిపిస్తాయో తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది. అమెరికన్ పదబంధ ప్రహేళికలో ప్రతి అక్షరమూ అడ్డంలోనూ నిలువులోనూ పనికి రావాలి, మూడక్షరాల కంటే చిన్న మాట ఉండకూడదు. బ్రిటిష్ గడుల్లో ఇంత కట్టడి లేదు, చాలా అక్షరాలు ఒకవైపే పనిచేస్తాయి. ఇన్ని అక్షరాలు ఒకదానికొకటి ముడిపడాలంటే కూర్చేవాళ్లకు అచ్చులు నిండిన పొట్టి మాటలు తప్పనిసరి. అందుకే ఓరియో బిస్కెట్, ఈరీ సరస్సు, ఉటా రాష్ట్రం, అక్కడి యూట్ జాతి మళ్లీ మళ్లీ వస్తాయి. 1926 నుంచి 1947 దాకా న్యూయార్క్ జెయింట్స్‌కు బేస్‌బాల్ ఆడిన మెల్ ఆట్ ఇప్పటికీ గడుల్లో బతికే ఉన్నాడంటే, ఇంటిపేరులో మూడే అక్షరాలు ఉండటం పెద్ద కారణం. ఆర్‌బీఐ అని వస్తే మనకు రిజర్వ్ బ్యాంకు గుర్తొస్తుంది. అక్కడ అది బేస్‌బాల్ లెక్క, ఒక బ్యాటర్ కొట్టిన దెబ్బకు జట్టుకు వచ్చిన పరుగులు. ఇవన్నీ కలిపినా ఒక నోటుబుక్కులో రెండు పేజీలు దాటవు. రాసుకోండి. మూడు నెలల్లో వీటిని చూడగానే పాత విద్యార్థి ఎదురొచ్చినట్టు గుర్తుపడతారు. ఇంకో చిన్న గుర్తు: ఆధారంలో పొట్టి రూపం ఉంటే జవాబు కూడా పొట్టి రూపమే. న్యూయార్క్ టైమ్స్ గడి సోమవారం అన్నిటికన్నా తేలిక, శనివారం అన్నిటికన్నా కష్టం. మీరు శనివారం గడితో కుస్తీ పడుతుంటే ముందు దాన్ని ఆపి, కొన్నాళ్లు సోమ మంగళవారాల్లోనే ఉండండి.

ప్రతి అక్షరానికీ రెండు దారులున్నాయి కాబట్టి ఒక మాట అసలు తెలియకపోయినా అడ్డం వచ్చే మాటల వల్ల అదే నిండుతుంది. బయటివాళ్లకు ఇది పెద్ద ఆసరా. రెండు తెలియని పేర్లు ఒకే గడి దగ్గర కలిసినప్పుడే అసలు ఇబ్బంది. 2008లో ఒక క్రాస్‌వర్డ్‌లో మసాచుసెట్స్‌లోని నేటిక్ అనే చిన్న ఊరు, ఎన్. సి. వైత్ అనే చిత్రకారుడి పేరు ఒక ఎన్ దగ్గర కలిశాయి. ఆ ఎన్ ఏమిటో తెలియక అమెరికన్లే తలలు పట్టుకున్నారు. అప్పటి నుంచి ఇలా ఊహకు అందని కూడలిని అక్కడి గడుల ప్రియులు ‘నేటిక్’ అనే పిలుస్తారు. దానికొక పేరు పెట్టుకోవాల్సి వచ్చిందంటే, అమెరికాలో పుట్టినవాళ్లకు కూడా అమెరికా మొత్తం తెలియదన్న మాట. అలాంటి గడి దగ్గర ఒక అక్షరం ఊహించి ముందుకు పోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

కనెక్షన్స్ గురించి ఎక్కువ చెప్పను. పదహారు మాటల్ని నాలుగు గుంపులు చేయాలి. తెలియని మాటలు ఒకే గుంపువి అయ్యే అవకాశం ఎక్కువ, కాబట్టి తెలిసిన గుంపులు ముందు తీసేస్తే మిగిలినవి వాటంతటవే తేలతాయి. అక్కడ జాగ్రత్త పడాల్సింది తెలిసినట్టు కనిపించే మాటలతోనే. హీరో, సబ్, హోగీ, గ్రైండర్ నాలుగూ ఒక గుంపు అంటే మనం నమ్మలేం. అవి పొడుగాటి శాండ్‌విచ్‌కు ఒక్కో ప్రాంతంలో ఒక్కో పేరు. న్యూయార్క్‌లో హీరో, ఫిలడెల్ఫియాలో హోగీ, న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో గ్రైండర్. అమెరికన్లే ఒక్క తిండికి ఒక్క పేరు మీద నిలబడలేదు.

డిక్షనరీ సంగతి. ఆట సాగుతుండగా ‘ఎ, వై, ఓ, యుతో ముగిసే మాటలు’ అని వెతికితే జవాబు మీది కాదు, వెతికిపెట్టిన యంత్రానిది. ఆ రోజు మీ మేనకోడలికి పంపే ఫలితం మీకే వెలితిగా ఉంటుంది, కాబట్టి వద్దంటాను. క్రాస్‌వర్డ్‌లో అయితే నా లెక్క వేరు. అక్కడ ఒక ఆటగాడి పేరో, సరస్సు పేరో తెలియక రోజంతా ఆగిపోవడంలో ఏ సుఖమూ లేదు. అరగంట ప్రయత్నించాక చూసేయండి, చూసినదాన్ని నోటుబుక్కులో రాయండి. ఆట ముగిశాక మాత్రం ప్రతి కొత్త మాటనూ తప్పకుండా డిక్షనరీలో చూడాలి. అర్థం ఒక్కటీ చూసి మూసేయకండి. అది అమెరికా వాడుక అని గుర్తు ఉందా, ఏ భాష నుంచి వచ్చింది అన్నవి కూడా చూడండి. అమెరికా మాటలకు మెరియమ్ వెబ్‌స్టర్ మంచిది, పైన చెప్పిన నోవా వెబ్‌స్టర్ నిఘంటువు వారసురాలు అదే. అర్థం ఒక్కటే చదివిన మాట వారంలో మరిచిపోతాం. చోక్టా జాతివాళ్ల ఏరు అని తెలిశాక బైయూను మీరు మరిచిపోతారా?

మాటలు ఇలా ప్రయాణం చేయడం మనకు కొత్త కాదు. ఇంగ్లిష్‌లో బ్యాండికూట్ అనే మాట ఉంది. అది మన పందికొక్కే. తెలుగు నోటి నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు పేరై కూర్చుంది. పందికొక్కును చూడని అమెరికన్‌కు ఆ మాట గడిలో ఎదురైతే, అతనూ ఇదెక్కడి మాట అనే అనుకుంటాడు. అందులో పంది ఉందని అతనికి చెప్పగలిగేది మీరు.

ఇక మానేయాలా అన్న ప్రశ్న. మానేయకండి. అమెరికా మాటలతో విసుగొచ్చిన వారం బ్రిటిష్ పత్రికల గడులు చేయండి. గార్డియన్ పత్రిక వెబ్‌సైట్‌లో ప్రతిరోజూ ఒక తేలిక గడి ఉంటుంది. మీరు చదువుకున్న ఇంగ్లిష్‌కు అది బాగా దగ్గర. కానీ వర్డిల్ మాత్రం ఆపొద్దు, ఎందుకంటే అది మీకు పజిల్ ఒక్కటే కాదు. రోజూ మేనకోడలితో మాట కలిపే దారి. ఆ అమ్మాయి ‘ఈజీ కదా’ అన్నది మిమ్మల్ని తక్కువ చేయడానికి అని నేను అనుకోను. ఆమె ఆ మాటను పుస్తకంలో నేర్చుకుని ఉండదు. బోర్డుల మీద చూసి ఉంటుంది, నలుగురూ అంటుంటే విని ఉంటుంది. తనకు ఎప్పుడు తెలిసిందో కూడా గుర్తుండని మాట ఎవరికైనా తేలికగానే అనిపిస్తుంది.

ఆమె ఏ ఊళ్లో ఉంటుందో మీరు రాయలేదు. హ్యూస్టన్ అయితే ఆ నగరానికి బైయూ సిటీ అనే ముద్దుపేరే ఉంది, బఫెలో బైయూ అనే పాయ ఊరి మధ్య నుంచి పోతుంది. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు, ‘ఆ మాట నువ్వు మొదట ఎక్కడ విన్నావే?’ అని అడగండి. దగ్గర్లో ఎక్కడైనా బైయూ ఉంటే వీడియో కాల్‌లో చూపించమనండి. రేపు పొద్దున మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టండి, ఆరో ప్రయత్నం అయిపోయేదాకా మాత్రం ఫోన్ పక్కన పెట్టకండి.